బాడుగిల్లు... లెక్క చూసి కట్టు!

హోసూరు: ‘అక్కా, బాడుగకు ఇల్లుందా?’ హోసూరు వీధుల్లో పొద్దున లేస్తే వినిపించే మాట ఇది. సిప్‌కాట్‌ కార్ఖానాల్లో షిఫ్టులు చేసేవారికి, అత్తిబెలె దాటి బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లొచ్చేవారికి తలదాచుకునే చోటు కావాలి. అందుకే తరతరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఒకటే ఆలోచన. ‘పెరట్లో జాగా ఉంది. రెండు పోర్షన్లు వేస్తే ముసలితనంలో నెలనెలా డబ్బులొస్తాయి గదా!’ ఆలోచన మంచిదే. అయితే కార్ఖానాలో పాతికేళ్లు కష్టపడితే వచ్చిన పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బును ఇటుకల్లో పోసే ముందు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోవాలి.

కాగితం మీద ఇలా...

సొంత జాగాలో రెండు పోర్షన్లకు రూ.20 లక్షలు ఖర్చయిందనుకుందాం. ఒక్కోదానికి రూ.6 వేల బాడుగ. అంటే ఏడాదికి రూ.1.44 లక్షలు. చాలామంది లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. అసలు కథ మొదలయ్యేదీ ఇక్కడే. ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోపు ఒక్కో పోర్షన్ ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటే రూ.12 వేలు పోయినట్టే. ఇంటిపన్ను, సున్నం, మోటారు రిపేరు, కుళాయిలు... వీటికి మరో రూ.20 వేలు తీసేస్తే మిగిలేది రూ.1.12 లక్షలు. పెట్టుబడి మీద 5.6 శాతం అన్నమాట.

ఆ 20 లక్షల్లో 10 లక్షలు బ్యాంకు అప్పయితే? 9 శాతం వడ్డీకి 15 ఏళ్ల గడువు పెట్టుకుంటే నెలకు రూ.10 వేల పైచిలుకు కంతు కట్టాలి. ఏడాదికి దాదాపు రూ.1.22 లక్షలు. అంటే బాడుగంతా బ్యాంకుకు పోగా, ఇంకో పది వేలు చేతి నుంచి పడతాయి. అప్పు తీరాక ఇల్లు మిగులుతుంది, నిజమే. కానీ 60 ఏళ్లకు రిటైరైన మనిషికి 15 ఏళ్ల కంతులంటే 75 ఏళ్లు వచ్చేదాకా ఆ బరువు మోయాల్సిందే. అందుకే ముందు ఒక్క పోర్షన్‌తో మొదలుపెట్టడం, ఆరు నెలల కంతుకు సరిపడా డబ్బు పక్కన ఉంచుకోవడం మేలు.

పన్నులో కాస్త ఊరట ఉంది. వచ్చిన బాడుగలోంచి చెల్లించిన ఇంటిపన్ను తీసేశాక మిగిలిన దానిలో 30 శాతానికి ఆదాయపు పన్ను మినహాయింపు దొరుకుతుంది. దీనికి మరమ్మతుల బిల్లులు చూపక్కర్లేదు.

చదవలేని కాగితంపై సంతకమా?

సరిహద్దు తెలుగువారికి ఉన్న చిక్కు మరొకటి. పాతతరంలో తెలుగు మీడియంలో చదివినవారికి తమిళం మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. దస్తావేజులేమో తమిళంలో ఉంటాయి. ‘మనవాడే గదా’ అని మధ్యవర్తి చూపిన చోట సంతకం పెట్టేస్తారు. జాగా కొని కట్టేవారు పట్టా ఎవరి పేరున ఉందో, అది పోరంబోకు భూమి కాదో, విల్లంగ సర్టిఫికెట్‌లో పాత తాకట్లు ఏమైనా ఉన్నాయో చూసుకోవాలి. ఈ సర్టిఫికెట్‌ను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనే చూడొచ్చు. లేఅవుట్‌కు అనుమతి ఉందా అన్నదీ ముఖ్యమే. 2016 సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేయడంతో ఎంతోమంది చిన్నకొనుగోలుదారులు ఇరుక్కుపోయారు. ఆ తర్వాత 2017లో గానీ క్రమబద్ధీకరణకు నిబంధనలు రాలేదు. అమ్మేవారితో సంబంధం లేని వకీలుతో ప్రతి కాగితాన్నీ చదివించుకుంటే అయ్యే ఫీజు, తర్వాత పడే తంటాతో పోలిస్తే లెక్కలోది కాదు.

నోటిమాట చాలదు

తమిళనాడులో బాడుగ ఇళ్లకు 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం ఒప్పందం రాతలో ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. ‘11 నెలలకే రాసుకున్నాం, నమోదు దేనికి?’ అనుకోరాదు. రేపు గొడవ వస్తే చేతిలో ఆధారం అదే. సరిహద్దు అవతల బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడగడం పాత వాడుక. ఇవతల చట్టం మాత్రం మూడు నెలల బాడుగను కొలతగా పెట్టింది. బాడుగ ఇవ్వలేదన్న కోపంతో నీళ్లు, కరెంటు కట్ చేయడానికీ వీల్లేదు. ఆడపిల్లల హాస్టల్ పెట్టాలనుకునేవారికి 2014 చట్టం కింద లైసెన్సు తప్పనిసరి.

బోగ్యం డబ్బు మనది కాదు

నెలనెలా బాడుగ లేకుండా ఒకేసారి లక్షలు తీసుకుని ఇల్లివ్వడం ఈ ప్రాంతంలో మామూలే. దీన్నే బోగ్యం, లీజు అంటారు. చేతిలో ఒక్కసారిగా అంత డబ్బు పడేసరికి కూతురి పెళ్లికో, పై అంతస్తుకో ఖర్చయిపోతుంది. గడువు తీరగానే ఉన్నవాళ్లు వచ్చి ‘మా డబ్బు మాకివ్వండి అన్నా’ అంటే ఇల్లుగలాయనకు నోట మాట రాదు. అది ఆదాయం కాదు, అప్పు. తిరిగి ఇచ్చే దారి ముందే ఉంటేనే దాని జోలికి పోవాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బాడుగిల్లు కట్టేవారు ఆ రెండింటికన్నా ముందు లెక్క కట్టి చూడాలి. పోర్షన్ మూడు నెలలు ఖాళీగా ఉన్నా ఇంట్లో పొయ్యి వెలుగుతుందా? వెలుగుతుందనుకుంటే ముగ్గు పోయొచ్చు.