గోడ మీది గీత

2008 జూన్‌లో నేను అయోవా యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాను. వరద ముంచుకొస్తుంటే మెయిన్ లైబ్రరీ బేస్‌మెంట్ నుంచి మెట్ల పొడవునా బారులు తీరి, పుస్తకాలను చేతి నుంచి చేతికి పైకి అందించాం. అట్టలు ఒరుసుకుని అరచేతులు మండాయి.

క్యాంపస్ మధ్యలోంచే అయోవా నది పారుతుంది. ఎగువన కోరల్‌విల్ డ్యామ్ ఉందని అందరికీ ధీమా. కానీ దాని స్పిల్‌వేకి గేట్లు లేవు. రిజర్వాయరు నిండితే పొర్లే నీటిని ఆపడం ఎవరి చేతిలోనూ ఉండదు. జూన్ 10న అదే జరిగింది. ఇసుక బస్తాలు పేరుస్తున్నంతసేపూ అందరి నోటా 1993 వరద మాటే. అప్పుడు నది 28.52 అడుగులకు వచ్చింది. ఈసారి 15వ తేదీకి 31.53!

నీళ్లు గుమ్మంలోంచి వస్తాయనుకుంటాం. కానీ భవనాలకు ఆవిరి గొట్టాలు వెళ్లే సొరంగాలు అక్కడ నేల కింద అల్లుకుని ఉంటాయి. వరద వాటిలోకీ దూరింది. మొత్తం 20కి పైగా భవనాలు దెబ్బతిన్నాయి.

బురద కడగడం కష్టమే గానీ, ఏ భవనాన్ని మళ్లీ ఒడ్డున ఉంచకూడదో తేల్చుకోవడం అంతకన్నా కష్టం. హాంచర్ ఆడిటోరియం పాతది వదిలేసి, ఎత్తయిన చోట కొత్తది కట్టి 2016లో తెరిచారు. సంగీత విభాగం ఊరి నడిబొడ్డుకు మారింది. జాక్సన్ పొలాక్ 1943లో గీసిన, దాదాపు 20 అడుగుల వెడల్పున్న 'మ్యూరల్'ను నీళ్లు రాకముందే తరలించారు. అది ఉన్న మ్యూజియం భవనం నిలిచే ఉన్నా, బొమ్మలను మళ్లీ అక్కడ పెడితే బీమా దొరకదన్నారు. కొత్త మ్యూజియం తెరిచేసరికి 2022 వచ్చింది. పద్నాలుగేళ్లు! ఆ ఓపికను నేను గౌరవిస్తాను. 2009లో యూనివర్సిటీలోనే పెట్టిన అయోవా ఫ్లడ్ సెంటర్, వంతెనలకు సెన్సర్లు బిగించి నీటిమట్టాన్ని అందరికీ చూపిస్తోంది.

అదే 2009లో అక్టోబరు 2న తుంగభద్ర మా కర్నూలును ముంచింది. మా కింది వాటా మునిగింది. నీళ్లు తీశాక నాన్న గోడ మీద మరక వెంబడే ఎర్ర పెయింటుతో గీత గీసి, దస్తావేజుల పెట్టెను దానికి జానెడు పైన, అటక మీద పెట్టాడు. సెలవులకు వెళ్లినప్పుడు అయోవాలో మా 1993 లెక్క ఎలా తప్పిందో చెప్పాను.

"అయితే ఈ గీత కూడా చాలదంటావా?"

"చాలదు నాన్నా."

ఆ సాయంత్రమే పెట్టెను ఇద్దరం చెరో వైపు పట్టుకుని మేడ మీది గదిలోకి చేర్చాం.