కారుకు కావలి

అర్ధరాత్రి వీధిలో ఆగి ఉన్న కారు ఒక్కసారిగా కూయడం మొదలుపెడుతుంది. మొదటిసారి చుట్టుపక్కలవారు కిటికీలు తెరిచి చూస్తారు. రెండవసారి విసుక్కుంటారు. మూడవసారి దుప్పటి ముసుగుపెట్టి పడుకుంటారు. ‘నాన్నా, పులి!’ అని ఊరికే అరిచిన పిల్లవాడి కథే ఇది. నాలుగవసారి నిజంగా దొంగ వచ్చినా ఆ కూత విని బయటకు వచ్చేవారుండరు. కనుక అలారం ఎంత గట్టిగా అరుస్తుందన్నదానికంటే, ఎప్పుడు అరవాలో, ఎప్పుడు ఊరుకోవాలో దానికి తెలియడం ముఖ్యం. ఆ తెలివి సెన్సర్ల వల్ల వస్తుంది. చుట్టూ జరిగే మార్పును పసిగట్టి విద్యుత్ సంకేతంగా మార్చే పరికరమే సెన్సరు.

ఏ సెన్సరు కావాలో తెలుసుకోవాలంటే దొంగ ఏమి చేయవలసి ఉంటుందో ఆలోచించాలి. వాడు తలుపు తెరవాలి, లేదా అద్దం పగలగొట్టి చేయి లోపల పెట్టాలి. చక్రాలు కావాలంటే కారును జాకీతో ఎత్తాలి. ఒక్కొక్క పనిని కనిపెట్టడానికి ఒక్కొక్క సెన్సరు ఉంది.

అన్నింటిలోకి సులువైనది తలుపు చట్రంలో ఉండే చిన్న స్విచ్చి. తలుపు తెరవగానే కారులో దీపం వెలిగేది దీనివల్లనే. ఇది పొరపాటున మోగించడం అరుదు. వానలకు తుప్పు పట్టితే మాత్రం మొరాయిస్తుంది. బానెట్టుకు కూడా ఇలాంటి స్విచ్చి అవసరమా అని కొందరు అడుగుతారు. తప్పక అవసరం. చాలా కార్లలో బ్యాటరీ ఉండేది అక్కడే. దాని తీగ తెంచితే కావలివాడి నోరు నొక్కినట్లే. అందుకే మంచి సైరన్లలో విడిగా మరొక చిన్న బ్యాటరీ అమర్చుతారు.

అద్దం పగలగొట్టేవాడిని ఈ స్విచ్చి పట్టలేదు. అందుకు అదురును గుర్తించే సెన్సరు కావాలి. క్వార్ట్జు వంటి కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుదావేశం పుడుతుందని 1880లో ఫ్రాన్సు దేశంలో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ క్యూరీ కనుగొన్నారు. చాలాకాలం అదురు సెన్సర్లకు ఆధారం ఈ గుణమే. దెబ్బ తగిలితే కారు రేకు అదురుతుంది, ఆ అదురు స్ఫటికాన్ని నొక్కుతుంది, సంకేతం పుడుతుంది. చిక్కేమిటంటే, పక్కనుంచి పోయే లారీ, దీపావళి టపాకాయ, పైన రాలిన కొబ్బరిమట్ట కూడా కారును అదరగొడతాయి. ఏది దొంగ దెబ్బో, ఏది కాదో ఎలా చెప్పడం? వాహనాల అలారాలకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 97వ నిబంధన ఇందుకు ఒక కొలత పెట్టింది. రబ్బరులాంటి గట్టిదనం గల గుండ్రని వస్తువు 4.5 జౌళ్ల శక్తితో తగిలినా అలారం మోగకూడదు. అంటే ఎంత? సుమారు ఒక మీటరు ఎత్తు నుండి జారవిడిచిన ఫుట్‌బాలుకు నేలను తాకేటప్పుడు దాదాపు అంత శక్తి ఉంటుంది. పిల్లల బంతి తగిలితే అరవని అలారమే తెలివైన అలారమన్నమాట. కొన్ని సెన్సర్లు రెండంచెలుగా పనిచేస్తాయి. చిన్న తాకిడికి ఒక్క ‘కీచు’మని హెచ్చరించి ఊరుకుంటాయి, పెద్ద దెబ్బకే పూర్తిగా కూస్తాయి. ఈ సెన్సరును గట్టి లోహభాగానికి బిగించాలి. తీగలకు వేలాడదీస్తే దాని మాట నమ్మలేము.

కారు లోపలి కదలికను పట్టడానికి అతిధ్వనులను వాడతారు. మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. ఈ సెన్సర్లు చాలావరకు 40,000 కంపనాల ధ్వనిని వెలువరించి, తిరిగివచ్చే ప్రతిధ్వనిని గమనిస్తాయి. కదిలే వస్తువు నుండి వచ్చిన ప్రతిధ్వని పౌనఃపున్యం మారుతుంది. 1842లో ఆస్ట్రియా శాస్త్రవేత్త డాప్లర్ వివరించిన ప్రభావమే ఇది. అయితే గాలి కదిలినా దీనికి అనుమానమే. బళ్లారి ఎండకు భయపడి అద్దం నాలుగు వేళ్ల సందు దించి వెళ్లినా, ముందు అద్దానికి వేలాడదీసిన బొమ్మ ఊగినా కారు కూయవచ్చు. పైకప్పు లేని జీపులో ఇది బొత్తిగా పనికిరాదు. అక్కడ సూక్ష్మతరంగాల సెన్సరు మేలు. కాని ఆ తరంగాలు అద్దాన్ని, గుడ్డను దాటిపోతాయి. తీవ్రత ఎక్కువగా పెడితే దారినపోయేవారిని చూసి కూడా అరుస్తుంది.

జాకీతో ఎత్తినా, లాక్కుపోయినా తెలిపేది వాలు సెన్సరు. తాళం వేసినప్పటి వాలును అది గుర్తుపెట్టుకుంటుంది కనుక మిట్ట మీద నిలిపినా ఇబ్బంది లేదు. కారును పంటు మీద నది దాటించేటప్పుడు మాత్రం దానిని ఆపివేయాలి.

ఇన్ని ఉన్నాయని అన్నీ బిగించడం తెలివైన పని కాదు. సెన్సర్లు పెరిగినకొద్దీ ఊరికే కూసే అవకాశమూ పెరుగుతుంది, బ్యాటరీ ఖర్చూ పెరుగుతుంది. అలారం 20 మిల్లీ ఆంపియర్లు మాత్రమే వాడుతుందనుకున్నా, నెలరోజులు కదలని కారులో 14 ఆంపియర్-గంటలకు పైగా ఖర్చవుతుంది. 45 ఆంపియర్-గంటల బ్యాటరీలో అది దాదాపు మూడోవంతు. హోసూరు వంటి ఊరిలో లారీలు తిరిగే రోడ్డు పక్కన నిలిపే కారుకు తలుపుల స్విచ్చిలు, లోపలి అతిధ్వని సెన్సరు నమ్మదగినవి. అదురు సెన్సరు పెట్టినా మందంగా పెట్టాలి. ప్రహరీగోడ లోపల నిలిపే కారుకు అదురు సెన్సరును చురుకుగా ఉంచవచ్చు. ఖరీదైన చక్రాలున్న కారుకు వాలు సెన్సరు దండుగ కాదు.

అలారం కేక వేస్తుందేగాని కారును పట్టుకుని ఆపదు. సరైన తాళంచెవిని గుర్తించనిదే ఇంజనును కదలనివ్వని ఇమ్మొబిలైజరు వేరే ఉంది. ఐరోపా సమాఖ్య దేశాలు కొత్త కార్లకు దానిని 1998 నుండి తప్పనిసరి చేశాయి. రెండూ ఉంటే మంచిది.

సెన్సర్లు బిగించిన తరువాత పరీక్షించి చూడాలి. ముందుగా అద్దం కొంచెం దించి, తాళం వేసి, ఒక నిమిషం ఆగి చేయి లోపల పెట్టాలి, అలారం మోగాలి. తరువాత అద్దం మూసి, మళ్లీ తాళం వేసి, తలుపు పక్కన అరచేతితో మెల్లగా తట్టాలి, మోగకూడదు. ఆపైన మామూలుగా నిలిపే చోటనే ఒక రాత్రి ఉంచాలి. లారీ పోయినప్పుడల్లా కూస్తే, మరునాడు సెన్సరు మీది చిన్న స్క్రూను కొద్దిగా వెనక్కు తిప్పాలి.