డ్రమ్ ఆగినచోట షిప్ పెట్టాను: నా మొదటి జామెట్రీ డాష్ లెవెల్

మీలో జామెట్రీ డాష్ ఆడనివాళ్లు తక్కువే ఉంటారు. స్వీడన్‌కు చెందిన రాబర్ట్ టోపాలా 2013లో తెచ్చిన ఈ గేమ్‌లో, ఆడటం కంటే లెవెల్స్ తయారుచేయడమే నాకు ఎక్కువ కిక్ ఇచ్చేది. ఇంటర్‌లో ఉండగా నాన్న ఫోన్‌లో చేసిన మొదటి లెవెల్‌ని ఈమధ్య మళ్లీ ఆడి చూశా.

చూడ్డానికి ఏమీ లేదు. నీలం బ్యాక్‌గ్రౌండ్, నల్ల బ్లాకులు, స్పైక్స్. అంతే. కానీ ప్రతి జంప్ డ్రమ్ దెబ్బమీదే పడుతోంది.

ఎడిటర్‌లో పాట నడుస్తుండగా స్క్రీన్ మీద తడుతూ పోతే, తట్టినచోటల్లా నిలువు గీత పడుతుంది. ఆ గీతల్ని బట్టి బ్లాకులు పేర్చుకోవాలి. న్యూగ్రౌండ్స్‌లో దొరికిన నా పాటలో మధ్యలో డ్రమ్ ఆగిపోయి, సింథ్ ఒక్కటే సాగుతుంది. పాట ఆగినా క్యూబ్ ఆగదు కదా! అందుకే అక్కడ షిప్ పెట్టాను. నొక్కి పట్టుకుంటే పైకి, వదిలితే కిందికి. సాగే స్వరానికి అదే సరిపోయింది. ఇప్పుడు చేసినా అక్కడ షిప్పే పెడతా.

ఇక గాడ్జెట్ సంగతి. మామూలు స్పీడ్‌లో క్యూబ్ సెకనుకు సుమారు 10 బ్లాకులు దాటుతుంది. అంటే సౌండ్ 100 మిల్లీసెకన్లు లేటైతే గీత ఒక బ్లాకు పక్కకి పోయినట్టే. బ్లూటూత్ బడ్స్ చాలావాటిలో లేట్ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అప్పట్లో నా దగ్గరున్నది బస్టాండ్‌లో కొన్న వైర్ ఇయర్‌ఫోన్స్. ఒకవైపే పలికేవి, అయినా సింక్‌కి అవే మేలు.

అప్‌లోడ్ చేయాలంటే ముందు మనమే మొదటినుంచి చివరిదాకా చావకుండా ఆడాలి. 94 శాతం దగ్గర నాన్నకి ఫోనొచ్చింది. లేచి ఇచ్చేశా, ఏం చేస్తాం! నాలుగు రోజుల తర్వాతగానీ పూర్తికాలేదు. తమ్ముడు ఓ రాత్రి సౌండ్ తీసేసి ఆడుతూ, "అన్నా, సౌండ్ లేకున్నా పాట తెలుస్తాంది" అన్నాడు. డౌన్‌లోడ్స్ ఇప్పటికీ రెండంకెలే. ఆ మాట మాత్రం నాకు చాలు.

2023 డిసెంబర్‌లో వచ్చిన 2.2 అప్‌డేట్‌తో కెమెరా ట్రిక్స్, ప్లాట్‌ఫార్మర్ మోడ్ అన్నీ చేతికొచ్చాయి. వాటితో కొత్త లెవెల్ మొదలుపెట్టా, పాతదాన్ని ముట్టుకోలేదు. మీరూ ట్రై చేయాలంటే ఒక్క విషయం: ఉచితంగా దొరికే లైట్ వెర్షన్‌లో ఎడిటర్ ఉండదు, డబ్బులు పెట్టి కొనే వెర్షనే కావాలి. ఇంట్లో పాత వైర్ ఇయర్‌ఫోన్స్ ఉంటే పారేయకండి.