వదలని ఓవర్‌డ్రైవ్

పాత ఎమ్‌జీబీ కారు టాప్ గేరులో పోతోంది. ఓవర్‌డ్రైవ్ స్విచ్ ఆపేశారు. ఇంజను చుట్లు పెరగాలి, పెరగలేదు. అంటే ఓవర్‌డ్రైవ్ పట్టు వదల్లేదు. ఇక కారణం తేలేదాకా బండిని రివర్సులో మాత్రం వేయకండి.

ఈ యంత్రాన్ని రూపొందించింది ఎడ్గార్ డి నార్మన్‌విల్ అనే ఇంగ్లండు ఇంజనీరు. తయారుచేసింది లేకాక్ కంపెనీ. 1948లో స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారుతో రోడ్డెక్కింది. 1967 దాకా వచ్చిన ఎమ్‌జీబీలలో దీని డి-టైప్ ఉండేది. టాప్ గేరులో ఇంజను 4000 చుట్లు తిరిగే వేగానికి, ఇది పడితే సుమారు 3200 చాలు. క్లచ్ తొక్కే పనే లేదు!

గేరుబాక్సు వెనకాల మధ్యలో సన్ గేరు, దాని చుట్టూ ప్లానెట్ గేర్లు, బయట పళ్ల వలయం ఉంటాయి. మామూలుగా స్ప్రింగులు, సన్ గేరుతో కలిసి తిరిగే కోన్ క్లచ్‌ను వలయానికి అదిమి అన్నింటినీ ఒక్కటిగా తిప్పుతాయి. స్విచ్ వేస్తే సొలినాయిడ్ ఒక లివరు ద్వారా చిన్న వాల్వును లేపుతుంది. ఒత్తిడితో వచ్చిన ఆయిలు కోన్‌ను అవతలి బ్రేక్ రింగుకు నొక్కుతుంది. సన్ గేరు ఆగిపోతుంది, వలయం వేగం పుంజుకుంటుంది. ఆ స్థితిలోనే వెనక్కి నడిపితే, లోపలి వన్‌వే క్లచ్ రోలర్లు కూడా బిగుసుకుంటాయి. ఒకవైపు ఆగిన సన్ గేరు, మరోవైపు బిగిసిన రోలర్లు: ఏదో ఒకటి విరగాల్సిందే.

ముందు సొలినాయిడ్ వైరు పీకి నడపండి. వదిలిందా, దోషం స్విచ్‌దో రిలేదో వైరుదో. వదలకపోతే లివరు చూడాలి. సొలినాయిడ్‌కు కరెంటు ఇచ్చినప్పుడు లివరులోని రంధ్రం, కేసింగులోని రంధ్రం ఒకే వరుసలోకి వచ్చి 3/16 అంగుళం కడ్డీ రెండింట్లోనూ దూరాలి. దూరకపోతే సర్దుబాటు తప్పినట్టే.

నేనైతే ఎక్కువగా అనుమానించేది వాల్వునే. విప్పేముందు ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజను స్టార్ట్ చేయకుండా, టాప్ గేరులో ఉంచి స్విచ్‌ను పది పన్నెండుసార్లు వేసి తీయండి; లోపలి ఒత్తిడి దిగుతుంది. పైమూత విప్పితే స్ప్రింగు, ప్లంజరు, గోళీ వస్తాయి. వాల్వు నడిమి బెజ్జంలోకి సన్నని తీగ దూర్చి, పైన గోళీ కూర్చునే అంచుకు గీత పడకుండా లాగాలి. కింది భాగంలో పక్కగా చిన్న రంధ్రం కనిపిస్తుంది. ఓవర్‌డ్రైవ్ వదలాలంటే ఆయిలంతా ఆ రంధ్రంలోంచే బయటికి పోవాలి. గుడ్డపీలిక నూగు అడ్డుపడినా చాలు, కోన్ బ్రేక్ రింగును పట్టుకునే ఉంటుంది.

అదీ శుభ్రంగా ఉంటే కోనే రింగుకు అతుక్కుని ఉండొచ్చు. కొత్త లైనింగు సర్దుకోకముందు ఇలా జరుగుతుంది. తోలు సుత్తితో బ్రేక్ రింగు మీద నాలుగు గట్టి దెబ్బలు వేస్తే చాలాసార్లు ఊడొస్తుంది. ఇవన్నీ అయ్యాకే గేరుబాక్సు దించే మాట. ఎమ్‌జీబీలో అది ఒంటరిగా రాదు, ఇంజనుతో సహా బయటికి తీయాలి.