పటమూ, నడిచేవాడూ

కొత్వాల్‌గూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నిలబడి తలెత్తితే శంషాబాద్ విమానాలు కనిపిస్తాయి. వాటి రెక్కల కదలికకూ, లోపలి కరెంటుకూ ప్రోగ్రాములే కాపలా.

2015లో బోయింగ్ 787 మీద అమెరికా విమానయాన శాఖ ఒక హెచ్చరిక ఇచ్చింది. జనరేటర్లను అదుపు చేసే పెట్టెలు ఆపకుండా 248 రోజులు నడిస్తే లోపలి లెక్క నిండి పొర్లేది. నాలుగు పెట్టెలనూ ఒకేసారి ఆన్ చేసి ఉంటే, నాలుగూ ఒకేసారి చేతులెత్తేసేవి, విమానం గాల్లో ఉన్నా సరే. మీరే లెక్క వేయండి: ప్లస్, మైనస్ గుర్తులు కూడా ఉంచుకునే 32 బిట్ల గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య దాదాపు 214 కోట్ల 74 లక్షలు. సెకనుకు వంద చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతే నిండేది 248 రోజుల 13 గంటలకు. అదృష్టం, ఇది ప్రయోగశాలలోనే బయటపడింది.

నడిపి చూసే టెస్టింగ్‌కు ఇలాంటి తప్పు దొరకాలంటే నెలలు పడుతుంది. నడపకుండా కోడ్ చదివే స్టాటిక్ అనాలిసిస్ నిమిషాల్లో అనుమానిస్తుంది. కానీ దాని అనుమానాల్లో ఉత్తుత్తివి బోలెడు. 2003లో ఫ్రాన్స్‌వారి ఆస్ట్రే అనే స్టాటిక్ అనాలిసిస్ పనిముట్టు, ఎయిర్‌బస్ ఎ340 నియంత్రణ కోడ్ 1,32,000 వరుసలను ఒక్క తప్పుడు హెచ్చరిక లేకుండా తనిఖీ చేసింది. గొప్ప పనే, అయితే దాన్ని ఆ తరహా కోడ్ కోసమే మలిచారు. మామూలు ప్రోగ్రాములకు ఆ భోగం లేదు.

2006లో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కు చెందిన ఆదిత్య నోరి, శ్రీరామ్ రాజమణి, వారి సహచరులు ‘సినర్జీ’ పద్ధతిని ప్రకటించారు. నాకు నచ్చింది, అందులో రెండు పనిముట్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. ఊరి నుంచి రన్‌వే (అంటే ప్రోగ్రాములోని తప్పు) దాకా దారి ఉందేమో తేల్చాలనుకోండి. చేతిలో స్టాటిక్ అనాలిసిస్ గీసిన ముతక పటం ఉంది, దాని ప్రకారం దారి ఉన్నట్టే. టెస్ట్ అనే మనిషిని ఆ దారిన పంపుతాం. అతను చేరితే తప్పు నిజం, ఏ ఇన్‌పుట్‌తో వస్తుందో కూడా చేతికందింది. ప్రహరీ గోడ అడ్డొచ్చి ఆగిపోతే, పటాన్నంతా కాదు, సరిగ్గా అక్కడే సవరించి గోడ గీస్తాం. మళ్లీ పంపుతాం. పటంలో దారులన్నీ మూసుకుపోతే ఆ తప్పు ఎన్నటికీ రాదని రుజువైనట్టే.

కొన్నిసార్లు ఎంత గీసినా తేలదు. అన్ని ప్రోగ్రాములకూ తప్పకుండా జవాబిచ్చే పద్ధతి ఉండదని 1936 నాటి ట్యూరింగ్ ఫలితమే చెబుతుంది. అందుకే గడువు పెట్టుకుని ఆపుతారు.