తాబేలు కాళ్ల కింది నేల

ఒక స్త్రీ పిల్లిని బంధించి, తాను తిండి పెట్టక, నేల మీద తిరిగి పురుగూ పుట్రా ఏరుకుని తినేందుకు విడిచిపెట్టకా, దాని చావుకు కారణమై నరకశిక్షకు గురైన వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. మనమంతా చిన్ననాటి నుండీ విన్నదే. అయితే అందులోని రెండో విషయాన్ని మనం అంతగా పట్టించుకోము. ఆకలితో మాడ్చడం ఒక నేరం. నేల తనంతట తానుగా ఆ జీవికి ఇచ్చేదాన్ని దక్కనీయకపోవడం మరో నేరం. మా ఇంట ఒక తాబేలు పిల్ల చేరిన తరువాతే ఈ రెండో మాట బరువు మాకు తెలిసివచ్చింది.

పిల్లలు పట్టుబట్టి హైదరాబాదులోని ఒక పెంపుడు జంతువుల దుకాణం నుండి తెప్పించుకున్న ఆ ‘కఛువా’ అరచేతిలో సగం కూడా లేదు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సహేల్ ప్రాంతపు జాతి అది, సల్కాటా అంటారు. ఎడారి జంతువే కదా, ఇసుక పోస్తే చాలునన్నాడు దుకాణదారు. మేము నమ్మాము. గాజు తొట్టిలో రెండంగుళాల మందాన ఎండు ఇసుక పరిచి, పైన ఒక బల్బు వేలాడదీసి, బాధ్యత తీరిందనుకున్నాము. నాలుగైదు నెలలు గడిచేసరికి అది తినడం మానివేసింది. మలవిసర్జన ఆగిపోయింది. పశువైద్యుడు ఎక్స్‌రే తీయించి చూపితే పేగుల్లో ఇసుక పేరుకుని తెల్లగా కనబడింది. ఆకుతోపాటు రోజూ చిటికెడు చొప్పున మింగుతూ వచ్చిందన్నమాట!

మందులతో, గోరువెచ్చని నీటి స్నానాలతో రెండు వారాలకు అల్లాహ్ దయవల్ల అది కోలుకుంది. కానీ డిప్ప మీద అప్పటికే లేచిన బుడిపెలు మాత్రం అలాగే ఉండిపోయాయి. అవి ఇక ఎన్నటికీ చదును కావు.

సహేల్ పొడి ప్రాంతమే, సందేహం లేదు. అయితే సల్కాటా తన రోజులో ఎక్కువ భాగం ఆ పొడి నేల పైన గడపదు. మీటర్ల పొడవున బొరియ తవ్వుకుని లోపల తలదాచుకుంటుంది. అక్కడి మన్ను పైనేల కంటే చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఎదిగే పిల్లకు ఆ చెమ్మే ప్రాణాధారం. 2003లో వియన్నాకు చెందిన పరిశోధకులు ఈ జాతి పిల్లలనే వేర్వేరు తేమల్లో పెంచి పరిశీలించారు. డిప్ప బుడిపెలు కట్టడానికి ఆహారంలోని మాంసకృత్తుల కంటే గాలిలోని పొడితనమే ప్రధాన కారణమని వారు తేల్చారు. మేము దానికి ఎడారినైతే ఇచ్చాము, బొరియను ఇవ్వలేదు.

వైద్యుని సలహాతో ఇసుకనంతా పారబోశాము. ఇప్పుడు వెడల్పాటి చెక్కపెట్టెలో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు కలిపి నాలుగంగుళాల మందాన పరుస్తున్నాము. మట్టిని ఎక్కడి నుండి తెచ్చామన్నది ముఖ్యం. పురుగుమందులు చల్లిన పత్తిచేను మట్టి పనికిరాదు. నర్సరీల్లో అమ్మే సిద్ధపు కుండీ మట్టిలో ఎరువులూ, తెల్లని పెర్లైట్ పూసలూ ఉంటాయి. ఆ పూసలను తాబేలు తిండి అనుకుని మింగుతుంది. కొబ్బరి పొట్టు ఇటుకలను నానబెట్టి, ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగి వాడాలి. ఎండిన పొట్టు దుమ్మై కళ్లలో పడుతుంది కనుక ఎప్పుడూ చెమ్మగానే ఉంచాలి. ఎంత చెమ్మ? గుప్పెట్లో పిండితే ముద్ద కట్టాలి, నీటిచుక్క రాలకూడదు. అంతకు మించి కొలత అక్కరలేదు.

వార్తాపత్రికలు పరిచేవారున్నారు. వాటి మీద కాళ్లు జారుతాయి, తేమ నిలవదు, తవ్వుకునేందుకేమీ ఉండదు. దేవదారు, పైన్ చెక్కల రంపపు పొట్టులోని ఘాటైన నూనెలు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. గులకరాళ్లు ఇసుక కంటే ప్రమాదకరం. సున్నం కలిసిన ఇసుక అని ప్రత్యేకంగా అమ్మేదీ ఇసుకే. ఇక ఆకును నేరుగా మట్టి మీద వేయకండి. మేము ఒక కడప బండ ముక్క మీద పెడుతున్నాము. మట్టి నోట్లోకి పోదు, గోళ్లూ కాస్త అరుగుతాయి.

చెమ్మకు వెచ్చదనం తోడు కావాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. చెమ్మ, చలి కలిస్తే తాబేలుకు జలుబు చేసి, ముక్కున బుడగలు వచ్చి, అది న్యుమోనియాకు దారితీస్తుంది. పెట్టెలో ఒక మూల దీపం కింద 35 నుండి 38 డిగ్రీలు, రెండో మూల 27 డిగ్రీల మేర ఉండాలి. రాత్రి 25 కంటే తగ్గకూడదు. ఎముక, డిప్ప గట్టిపడేందుకు అతినీలలోహిత కిరణాలు అవసరం. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ అందుకు పనికిరాదు, అద్దం వాటిని ఆపివేస్తుంది. ఉదయపు లేత ఎండలో సగం నీడ ఉండేలా కాసేపు వదలడం మేలు. గాజు తొట్టితో సహా ఎండలో పెట్టడం మాత్రం దానిని ఉడికించడమే.

తిండి సులభం: గరిక, మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకు, ముళ్లు తీసిన నాగజెముడు. పాలకూర తరచుగా వద్దు. పండ్లు, అన్నం, రొట్టె, మాంసం అసలే వద్దు; దస్తర్‌ఖాన్ మీది బిర్యానీ మెతుకులు పెట్టి మురిసిపోయే చుట్టాలను మేము వినయంగానే వారిస్తుంటాము. పక్షుల దుకాణంలో దొరికే సముద్రపు నురుగును గీరి ఆకు మీద చల్లితే సున్నం అందుతుంది. రోజూ పదిహేను నిమిషాలు గడ్డం దాటని గోరువెచ్చని నీటిలో ఉంచాలి. ఈ పనిని మేము ఫజ్ర్ తరువాతకు పెట్టుకున్నాము. రమజానులోనూ క్రమం తప్పలేదు.

ఆ నీటిని వంటగది సింకులో గానీ, వుజూ చేసే చోట గానీ పారబోయరాదు. తాబేళ్లు ఆరోగ్యంగా కనబడుతూనే సాల్మోనెల్లా క్రిములను మోస్తుంటాయి. పసిపిల్లలకు ఈ జబ్బు సోకుతున్నందువల్లే అమెరికా 1975లో నాలుగంగుళాల లోపు డిప్ప గల తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. ఐదేళ్లలోపు పిల్లలు చూసి ఆనందిస్తే చాలు.

ఇంతకీ జీవిని బంధించి పెంచవచ్చునా అని మా పెద్దవారు అడిగారు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడైన చిన్నారి అబూ ఉమైర్‌ను దైవప్రవక్త (స) అతని పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించిన హదీసు నుండి, బాగోగులు చూసే షరతుపై ఇది అనుమతించబడిందని ధర్మవేత్తలు గ్రహించారు. అయితే అదృష్టం కలిసివస్తుందని తాబేలును తెచ్చుకోవడం వేరే సంగతి. లాభనష్టాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని విశ్వసించేవారి ఇంట ఆ భ్రమకు చోటు లేదు. ఆ భ్రమ కోసమే మన రాయలసీమ పొదల్లోని నక్షత్ర తాబేళ్లను దొంగచాటుగా పట్టి అమ్ముతున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అవి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఇంట ఉంచుకోవడమే నేరం. సల్కాటా వంటి విదేశీ జాతిని కూడా 2024 నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

మరొక మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. అరచేతిలో ఇమిడే ఈ పిల్ల నలభై, యాభై కిలోలకు పెరుగుతుంది, డెబ్బై ఏళ్లకు పైగా బతకగలదు. అపార్ట్‌మెంటులో దానిని చివరిదాకా ఉంచలేము, మేము దానికంటే ముందే పోతాము. అందుకే పొలం ఉన్న మా మేనల్లునితో ముందుగానే మాట్లాడాము, మా వసీయత్ కాగితంలో దాని ప్రస్తావన చేర్చాము. కంచె పునాదిని రెండడుగుల లోతుకు దింపాలని, లేకుంటే కింద నుండి తవ్వుకుని పోతుందని అతనికి చెప్పి ఉంచాము.