వెదురుపొదలో వేయి కాపురాలు

వానాకాలంలో వెదురు పొదలోకి ఎప్పుడైనా తొంగిచూశారా? (పాములుంటాయి, జాగ్రత్త!) గణుపుల దగ్గర నల్లటి చుక్కలు, రాలిన ఆకుల మీద తెల్లటి నూగు, కుళ్లిన మోడు మీద పుట్టగొడుగులు... మనమైతే అన్నిటినీ కలిపి 'బూజు' అనేస్తాం. శాస్త్రవేత్తలు మాత్రం ఓపిగ్గా ఒక్కోదానికీ పేరు పెట్టుకుంటూ వచ్చారు. 2002లో కెవిన్ హైడ్ బృందం ఆ జాబితాలన్నీ ఒకచోట చేర్చి చూస్తే, వెదురు మీద బతికే శిలీంధ్రాలు 1,100 రకాలకు పైనే తేలాయి!

ఎందుకన్ని? వెదురు గడ్డిజాతి మొక్కే అయినా చెట్టులా ఏళ్ల తరబడి నిలబడుతుంది. ఆకు, బొంగు, పిలకను చుట్టిన పొర, వేరు... ఒక్కో చోట ఒక్కో రకం తిండి. పైగా బొంగులో పిండిపదార్థం దండిగా ఉంటుంది. నరికిన బొంగుల్ని నీళ్లలో నానేయడంలోని కిటుకు ఆ పిండిని వదిలించడమే.

వీటిలో చాలావాటితో హాని లేదు. రాలిన ఆకునీ ఎండిన బొంగునీ మట్టిలో కలిపేస్తాయంతే. కొన్నింటి వేషాలు మాత్రం చూసి తీరాలి. చైనాలో బతికున్న కొమ్మలకు గులాబీరంగు కండలా అంటుకునే 'షిరాయా'ను నాటువైద్యంలో కీళ్లనొప్పులకు వాడతారు. వెదురు చెత్తలో మొలిచే మరో పుట్టగొడుగు తెల్లని జాలీ మేలిముసుగు వేసుకుని వస్తుంది. దాన్ని ఎండబెట్టి సూపు కాచుకుంటారు. జపాన్‌లో ఇంకొకటి కొమ్మల్ని చీపురుకట్టల్లా మార్చేస్తుంది.

అసలు దెబ్బ తిన్నది బంగ్లాదేశ్. 1970 దశకంలో అక్కడి పల్లెల్లో పెరటి వెదుళ్లు ఎండిపోసాగాయి. కొత్త బొంగులు పూర్తిగా ఎదగకముందే కుళ్లిపోయేవి. ఇల్లు, దడి, బుట్ట, నిచ్చెన అన్నిటికీ వెదురే దిక్కైన కుటుంబాలకు అది చేతికొచ్చిన పంట పోవడమే. ముఖ్య నిందితుడు సారోక్లాడియం ఒరైజే. పేరు కొత్తగా ఉందా? మన వరి రైతుకు పాత శత్రువే! వెన్నును పొట్టలోనే కుళ్లబెట్టే 'పొట్టకుళ్లు' తెగులు దీని పనే. వరి, వెదురు రెండూ గడ్డి కుటుంబమే మరి! తర్వాత ఒడిశా తీరంలోనూ ఈ తెగులు వెదురుకు సోకింది.

అక్కడి పరిశోధకులు చెప్పిన వైద్యంలో చాలావరకు ఇంటిల్లిపాదీ చేసుకోగలిగిందే. తెగులు సోకిన బొంగులు నరికేయాలి. ఏప్రిల్‌లో పొద అడుగున చెత్తను కాల్చాలి. వానలు మొదలయ్యేలోపు మొదళ్లకు కొత్త మట్టి ఎగదోయాలి.